ఐదో గంట తాడు

1942 శరత్కాలంలో మా ఇంట్లో ఎవరికీ కాలు ఒకచోట నిలవలేదు. అమ్మ కూర్చున్నదల్లా లేచి కిటికీ దగ్గరికి పోయేది. బండిచక్రాలు చేసే కొట్లో నాన్న నిన్న చెక్కిన ఆకునే ఇవాళ మళ్లీ చెక్కేవాడు. పంతొమ్మిదేళ్లు వచ్చినదాన్ని, నేను కాలుగాలిన పిల్లిలా పోస్టాఫీసుకీ ఇంటికీ మధ్య తిరిగేదాన్ని. మా అన్న లెన్ ఈజిప్టులో ఎక్కడో ట్యాంకు తోలుతున్నాడు. ఆగస్టు తర్వాత వాడి దగ్గర్నుంచి ఒక్క ఉత్తరం ముక్క లేదు.

మా మార్ల్‌స్టెడ్‌లో ఉన్నవి నలభై ఇళ్లు. ఆ నలభై ఇళ్లకీ తగని పెద్ద చర్చి, దాని గోపురంలో ఆరు గంటలు. ఆ ఆరింటికీ పెద్ద మా నాన్న వాల్టర్ గర్లింగ్. అంతకుముందు ఆయన నాన్న. పన్నెండేళ్లు నిండగానే లెన్ చేతికి ఐదో గంట తాడు ఇచ్చారు. యుద్ధానికి పోయేదాకా దాన్ని ఇంకెవరూ ముట్టుకోలేదు. ఊళ్లో ఎవరైనా పొలంలో నడుం వాల్చి గంటలు వింటే, "ఇదిగో, ఇది లెన్" అనగలిగేవాళ్లు.

రెండేళ్లకి పైగా ఆ గంటలకి నోరు లేదు. జర్మన్లు ఆకాశంలోంచి దిగితేనే దేశంలో చర్చి గంట మోగాలని, ఇంక దేనికీ మోగకూడదని సర్కారు ఆజ్ఞ వేసింది. పెళ్లికీ లేదు, చావుకీ లేదు. నాన్న ఊరుకునే మనిషైతే ఊరుకునేవాడు. గంటల నాలుకల్ని తాళ్లతో బిగించి కట్టేసి, చప్పుడు లేకుండా గురువారం గురువారం మాకు లాగడం నేర్పడం మొదలుపెట్టాడు. మాకు అంటే ఆడవాళ్లకి. మగవాళ్లలో మిగిలింది నాన్న, డెబ్బై ఎనిమిదేళ్ల జేబెజ్.

జేబెజ్ చిన్న గంట లాగుతూనే మమ్మల్ని ఎత్తిపొడిచేవాడు.

"ఆడవాళ్ల చేతికి తాడిస్తే బట్టలారేస్తారు గానీ గంటలు కొడతారటయ్యా, వాల్టర్?"

లండన్ నుంచి పొలం పనికి వచ్చిన డోరీన్‌ది మూడో గంట. ఆ పిల్ల నోటికి తాళం లేదు. "నీ లాగులారేయడానికి ఇంత లావు తాడు దేనికి తాతా, దారప్పోగు చాలు" అంది. రెండో గంట లాగే బడి టీచరు మిస్ టటిల్ నవ్వు ఆపుకోలేక తాడు వదిలేసింది. నాన్న గట్టిగా కసిరాడు. ఎందుకు కసిరాడో అప్పుడే తెలిసింది. మా గంటలు ఊరికే వేలాడుతూ ఊగేవి కావు. తాడు లాగి లాగి వాటిని నోరు పైకి వచ్చేలా తిప్పి నిలబెడతాం. అక్కణ్ణుంచి లాగిన ప్రతిసారీ చుట్టూ ఒక పూర్తి తిరుగుడు. ఆ బరువు మీదికి వస్తే మనిషి మిగలడు. అందుకే గంటలు పైకెత్తి ఉన్నప్పుడు ఎవరూ పై గదిలోకి పోకూడదు. నాన్నకి బైబిలు తర్వాత అదే ఆజ్ఞ.

నాలుగో గంట పాలవ్యాపారం చేసే మిసెస్ ఫిస్క్‌ది, పెద్దది నాన్నది. ఐదోది నాకు ఇచ్చారు. లెన్ చెయ్యి పడి పడి నున్నబడ్డ చోటికి నా చెయ్యి అందేది కాదు. వాడి పట్టు నా పట్టు కంటే జానెడు పైన ఉండేది.

మా అమ్మ అడాకి ఇదంతా గిట్టేది కాదు. "మోగని గంటలు లాగడానికి ఇంతమందా? బావి గిలకకీ తాడే ఉంది. వచ్చి నాలుగు చేదలు తోడినా పుణ్యముండేది" అనేది.

నవంబరు రెండోవారంలో రేడియో ఆ మాట చెప్పింది. ఈజిప్టులో మనం గెలిచాం. పదిహేనో తారీకు ఆదివారం పొద్దున దేశంలో ఉన్న ప్రతి చర్చి గంటా మోగించవచ్చు, ఆ ఒక్క పూటకే. నాన్న చేతిలో రొట్టె ముక్క చేతిలోనే ఉండిపోయింది. ఆయన కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను.

"గెలిచారు, సరే" అంది అమ్మ. "లెన్ ఏడీ?"

శనివారం మధ్యాహ్నం నాలుకల కట్లు విప్పి రమ్మని నాన్న నన్ను పైకి పంపాడు. గంటల గదిలో కాకుల పుల్లలు, దుమ్ము. ఒకటోది, రెండోది, మూడోది విప్పాను. ఐదోది దూలం వెనక మూలగా ఉంటుంది. ఇరుక్కుని దూరాలి. దాన్ని ఆఖరికి పెట్టుకుని నాలుగోదీ, పెద్దదీ విప్పాను. ఊపిరి తీసుకుందామని గోడకి ఉన్న చెక్కపలకల సందులోంచి బయటికి చూశాను. అక్కణ్ణుంచి మా ఇల్లు కనబడుతుంది. మా గేటు దగ్గర పోస్టాఫీసు ఎర్ర సైకిలు ఉంది.

మా ఊళ్లో శనివారం మధ్యాహ్నం ఉత్తరాలు రావు. వచ్చేది తంతి ఒక్కటే. నిచ్చెన మెట్లు ఎలా దిగానో నాకు తెలియదు. గడప దాటేసరికి అమ్మ బల్ల దగ్గర కాగితం పట్టుకుని నిలబడి ఉంది. లెన్ ఆచూకీ తెలియడం లేదని అందులో ఉంది.

పొద్దు గూకేసరికి ఊరంతా తెలిసిపోయింది. మాట పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, మా ఊరికి అంత దూరం అక్కర్లేదు, ఫిస్క్ వాళ్ల పాలబండి చాలు. జేబెజ్ టోపీ చేత్తో పట్టుకుని వెనక గుమ్మంలోంచి వచ్చాడు. రెండో చేతిలో తోలు తొడుగులు ఉన్నాయి. ఎవరైనా పోయినప్పుడు గంట నాలుకకి ఒక పక్క ఆ తొడుగు కడతారు. అప్పుడు ఒక దెబ్బ పెద్దగా, ఒక దెబ్బ లోపల్లోపలగా వినబడుతుంది.

"వాల్టర్, రేపటికి ఇవి కడదామా అని..." అన్నాడు జేబెజ్.

నాన్న వాటివంక చూశాడు. అమ్మే అంది.

"ఎవరికి?"

"అడా, అమ్మా, నేనేమీ..."

"ఆచూకీ తెలియడం లేదంటే తెలియడం లేదనే. చచ్చిపోయాడని రాయాల్సొస్తే వాళ్లకా మాట రాదా? నా కళ్లజోడు ఆచూకీ పొద్దున్నుంచీ తెలియట్లేదు, దానికీ కట్టు తొడుగు." తొడుగులు లాక్కుని జేబెజ్ చేతిలో మళ్లీ కుక్కింది. తర్వాత నాన్న వైపు తిరిగింది. "రేపు నువ్వు వెళ్లకపోయినా, నీ గంటల్లో ఒక్కటి మూలిగినా, వాణ్ణి నీ చేత్తో పూడ్చినట్టే. ఆరూ మోగాలి. నోరారా మోగాలి."

"మోగుతాయి" అన్నాడు నాన్న.

పొయ్యి మీద కుందేలు కూర మాడిపోయింది. ముగ్గురం ఆ మాడు వాసనలో కూర్చున్నాం. దూలం వెనక ఉన్న ఐదో గంట నాకు గుర్తు రానేలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ మాట నమ్మించాలని చూస్తుంటాను, ఎవరినో తెలియదు.

ఆదివారం చలి కొరుకుతోంది. తొమ్మిదిన్నరకే చర్చి ముందు జనం చేరారు. మేము తాళ్లు పట్టుకునే చోటు గోపురం అడుగున, నేల మీదే. తలుపు తీస్తే బయటివాళ్లకి మేమూ, మాకు బయటివాళ్లూ కనబడతాం. అమ్మ ఇంటి దగ్గరే ఉంది, గంటలు మొదలయ్యాక బయల్దేరతానంది. రెండున్నరేళ్ల తర్వాత మొదటి దెబ్బ దారిలో వినాలని ఆవిడ కోరిక.

"పట్టండి" అన్నాడు నాన్న. జేబెజ్ లాగాడు.

మొదటి మోత పడింది. ఆ చప్పుడు ఎలా ఉంటుందో నేను మరిచిపోయానని అప్పుడే తెలిసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తర్వాత నేను లాగాను. తాడు కదిలింది, పైన బరువు తిరిగింది, మోత రాలేదు. ఆ ఖాళీ తర్వాత నాన్న పెద్ద గంట పడింది. మళ్లీ ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఏమీ లేదు, ఆరు.

నాన్న వైపు చూశాను. ఆయన అప్పటికే నన్ను చూస్తున్నాడు. గంటలు ఇంకా కిందనే ఉన్నాయి, పూర్తిగా పైకి లేవలేదు. ఆపాలంటే అప్పుడు ఆపడం తేలిక, ఒక్క మాట చాలు. నాన్న నా మీంచి చూపు తీసి ఎదురు గోడ మీద పెట్టాడు. ఇంకాస్త గట్టిగా లాగాడు. మేమూ లాగాం.

దారిలో ఏమైందో నాకు తర్వాత నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. అమ్మ తన నీలం కోటు వేసుకుని గేటు దాటింది. మొదటి ఇంటి ముందు నిలబడ్డ కమ్మరి ఆవిణ్ణి చూసి టోపీ తీశాడు. అమ్మ పండగ కదా అనుకుని నవ్వింది. రెండో ఇంటాయన తీశాడు. పబ్బు ముందు ఉన్న ముసలాళ్లు నలుగురూ ఒక్కసారే తీసి తలలు వంచారు. అమ్మ అక్కడ ఆగింది. గంటల పెద్ద ఇంట్లో పాతికేళ్లు కాపురం చేసిన మనిషి. తల పక్కకి వాల్చి, ఒకటి నుంచి ఆరుదాకా, ఒక వరస విన్నది. ఇంకో వరస విన్నది. ఆ తర్వాత ఆవిడ నడవలేదు, పరిగెత్తిందని మిస్ టటిల్ చెల్లెలు చెప్పింది.

గోపురం తలుపు దబ్బున తెరుచుకుంది.

"వాల్టర్. ఆపు."

"నిలుపు!" అని నాన్న కేక పెట్టాడు. గంటలు ఒక్కొక్కటే పైన నోరెత్తుకుని ఆగిపోయాయి. తాళ్లు పట్టుకుని అందరం అలాగే ఉండిపోయాం.

"నా కొడుకుని పూడ్చిపెట్టమని నీకెవరు చెప్పారు?" అమ్మ గొంతు పెద్దది కాదు. అయినా బయట ఉన్న ప్రతివాడికీ వినబడింది.

నేను నోరు తెరిచాను. నాన్న నాకంటే ముందు మాట్లాడాడు.

"నాలుక కట్టు విప్పలేదు, అడా. తప్పు నాది."

"నీదే. తెలిసే చేశావు. రాత్రి జేబెజ్ చేత ఆ తొడుగులు తెప్పించావు, నేను కట్టనివ్వకపోతే ఇలా చేశావు. ఊళ్లో ప్రతి మగాడూ నాకు టోపీ తీస్తున్నాడు, తెలుసా? విప్పు దాన్ని. ఇప్పుడే."

"అమ్మా, గంటలు పైకెత్తి ఉన్నాయి" అన్నాడు జేబెజ్ బతిమాలుతూ. "ఇప్పుడు పైకి పోతే తల పగులుద్ది. ఆరింటినీ ముందు కిందికి దించాల, అప్పుడు విప్పాల, మళ్లీ ఎత్తాల. అరగంట పడుద్ది."

మా చర్చి పాదిరి, రెక్టర్ పెటిఫర్ గారు తెల్ల అంగీ సర్దుకుంటూ వచ్చారు. "మిసెస్ గర్లింగ్, ఆరాధనకి పది నిమిషాలే ఉంది. జనం చలిలో..."

"దేవుడు ఏడొందల ఏళ్లుగా ఈ గోడల మధ్య కూర్చున్నాడు రెక్టర్ గారూ. ఇంకో అరగంట కూర్చోలేడా?"

రెక్టర్ గారు వాచీ చూసుకుని, జేబులో పెట్టేసుకున్నారు.

గంటలు దించాం. దించుతున్నంతసేపూ మళ్లీ ఆ ఖాళీయే, ప్రతి వరసలోనూ. "విన్నీ వెళ్తుంది" అన్నాడు నాన్న. పైకెక్కి, దూలం వెనక దూరి, సెప్టెంబరులో నేనే వేసిన ముడిని పళ్లతో విప్పాను. వేళ్లు పనిచేయలేదు. కిందికి వచ్చి తాడు పట్టుకున్నాను. మళ్లీ లాగాం. ఈసారి ఆరూ మోగాయి. ఐదోది నా నెత్తిమీద మోగిన ప్రతిసారీ నాకు ఏడుపొచ్చింది, మోగిందనో, ఇందాక మోగలేదనో.

బయట జనానికి టోపీలు పెట్టుకోవాలో, తీసి ఉంచాలో తెలియలేదు. సగం మంది పెట్టుకున్నారు, సగం మంది చంకలో పెట్టుకున్నారు. అమ్మ వాళ్ల మధ్యలోకి వెళ్లి, "పెట్టుకోండయ్యా, చలి" అంది.

ఆ రోజు నుంచి అమ్మ నాన్నతో మాట్లాడలేదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్లు. "విన్నీ, సూపు చల్లారిపోతోందని మీ నాన్నతో చెప్పు" అనేది అమ్మ. నాన్నకి రెండు మూరల దూరం. "నాన్నా, సూపు" అనేదాన్ని. నాన్న తాగేవాడు. క్రిస్మస్ పొద్దున మళ్లీ ఒక పూటకి అనుమతి వస్తే ఆరు గంటలూ కొట్టాం. అమ్మ రాలేదు. కిటికీ మూసుకుని ఇంట్లోనే ఉంది.

నా సంగతి చెప్పుకుంటే సిగ్గేస్తుంది. తప్పు నాది, శిక్ష ఆయనది. చెప్పేద్దామని రోజూ అనుకునేదాన్ని. మాట నోటిదాకా వచ్చేది, అమ్మ మొహం చూడగానే లోపలికి పోయేది. ఒకరోజు కొట్లో నాన్న ముందు నిలబడి, ఇవాళ చెప్పేస్తానన్నాను.

"చెబితే నీతో కూడా మాట్లాడదు" అన్నాడు ఆయన, రంపానికి పదును పెడుతూ. "అప్పుడు సూపు చల్లారిందని నాకు చెప్పేదెవరు?"

"నవ్వులాటా ఇది?"

"కాదు." ఆకురాయి ఆగింది. "నువ్వు మరిచిపోయావు, విన్నీ. నేను మరిచిపోలేదు. మొదటి వరసకే విన్నాను. ఆపలేదు. వాడు లేడని నాకు లోపల ఎక్కడో తెలిసిపోయింది, వాడి పేర ఏదో ఒకటి జరగాలనిపించింది. మీ అమ్మ అన్నది అబద్ధమేం కాదు."

నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఆయన కోసం బాధ కూడా వేసింది. రెండూ కలిసి నాలుగు వారాలు నన్ను నిద్రపోనివ్వలేదు.

జనవరి చివర్లో లెన్ దళం అధికారి ఉత్తరం వచ్చింది. లెన్ అక్టోబరు ఇరవై ఏడున పోయాడు. ట్యాంకు కాలిపోయిందట, ఎవరిదేదో తేల్చడానికి ఇన్నాళ్లు పట్టిందట. అంటే ఆ ఆదివారం నాటికి వాడు పోయి దాదాపు మూడు వారాలు.

మా ఊళ్లో ఎవరైనా పోతే గంట కొట్టి చెప్పడం ఆచారం. మగవాడైతే ముందు తొమ్మిది దెబ్బలు. తర్వాత కాసేపు ఆగి, పోయినవాడికి ఎన్నేళ్లుంటే అన్ని దెబ్బలు. పొలాల్లో వాళ్లు నాగలి ఆపి లెక్కపెడతారు. అరవై ఎనిమిది అయితే ఫలానా, ముప్పై అయితే ఫలానా అని అక్కడే తెలిసిపోతుంది. లెన్‌కి ఇరవై రెండేళ్లు. నాన్న రెక్టర్ గారి దగ్గరికి పోయాడు, రెక్టర్ గారు పోలీసు సార్జెంటు దగ్గరికి పోయారు. ఆజ్ఞ ఆజ్ఞే, ఒక్క దెబ్బకి కూడా వీల్లేదన్నారు. చర్చిలో ప్రార్థన చదివారు, పాటలు పాడాం, చప్పుడు లేకుండా ఇంటికొచ్చాం.

ఇంటికొచ్చి అమ్మ కోటు కూడా విప్పకుండా గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. నేను తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

"ఆ రోజు కట్టు విప్పకుండా వదిలేసింది నేను" అన్నాను. "నాన్న కాదు. పైన విప్పుతుంటే సైకిలు కనబడింది. దిగి వచ్చేశాను. మళ్లీ గుర్తు రాలేదు."

అమ్మ చేతులు నీళ్లలోనే ఉండిపోయాయి. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఊరంతా టోపీలు తీసింది" అంది. "పబ్బు ముందు ముసలాళ్లు కూడా. లేచి నిలబడ్డారు, విన్నీ, ఒక కాలు లేని మనిషి కూడా గోడ పట్టుకుని నిలబడ్డాడు. వాడికి దక్కింది అదొక్కటే. నేను పోయి ఆపించాను."

"అమ్మా, నీకేం తెలుసు అప్పుడు?"

"ఎన్ని వరసలు?"

నాకు అర్థం కాలేదు.

"నేను వచ్చి ఆపమనేదాకా. వాడిది మోగకుండా ఎన్ని వరసలు పోయాయి?"

నేను లెక్కపెట్టలేదు. మా గేటు నుంచి చర్చికి పరిగెత్తినా నాలుగు నిమిషాలు. వరసకి రెండు సెకన్లు. ఎంత తగ్గించుకున్నా వంద దాటుతుంది. పాతికేళ్లు గంటల కింద కాపురం చేసిన అమ్మకి ఆ లెక్క నాకంటే బాగా తెలుసు.

"ఇరవై రెండు" అన్నాను.

అమ్మ నా మొహంలోకి చూసింది. "ఇరవై రెండు" అని మెల్లగా తనూ అనుకుంది. చేతులు తుడుచుకుని పెరటి తలుపు తీసి నాన్న కొట్టు వైపు నడిచింది. నవంబరు తర్వాత ఆవిడ అక్కడ అడుగుపెట్టడం అదే. రాత్రి అన్నాల దగ్గర సూపు గిన్నె తనే నాన్న ముందుకి జరిపి, "ఉప్పు తక్కువేమో చూడు, వాల్టర్" అంది.

గురువారం మళ్లీ నాలుకలు కట్టేసి, చప్పుడు లేకుండా లాగాం. అందరూ వెళ్లిపోయాక నాన్న తాళ్లు చుట్టి కొక్కేలకి తగిలిస్తున్నాడు. నా వైపు తిరగకుండానే మాట్లాడాడు.

"మీ అమ్మ ఆ రోజు కొట్లోకి వచ్చి ఒకటడిగింది. ఎన్ని వరసలు పోయాయని."

నాన్న గంటల దగ్గర ఎప్పుడూ లెక్క తప్పడు. లాగుతూ మాట్లాడినా, లోపల లెక్క నడుస్తూనే ఉంటుంది. నేను చెప్పిన అబద్ధం ఆయన నోట బయటపడిపోయిందనుకున్నాను.

"ఏమన్నావు?"

ఐదో తాడు కొక్కేనికి తగిలించి, కాసేపు దాన్ని పట్టుకునే ఉన్నాడు.

"ఇరవై రెండన్నాను" అన్నాడు.